కారుకు లక్షన్నర సబ్సిడీ: భారం ఎవరిది?

సూరత్ నగరానికి తూర్పున ఉన్న పర్వత్ పాటియా పేరు మన పత్రిక పాఠకుల్లో కొందరికే తెలిసి ఉంటుంది. ఆ పక్కనే లింబాయత్, గోడాదరా. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వచ్చి, రెండు మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతాల్లో ఎక్కువ. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోందంటే మనవాళ్ళ సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు.

ఇక్కడి రోడ్డు మీద నాలుగు రకాల వాహనాలు కనిపిస్తాయి. బీఆర్‌టీఎస్ బస్సు, చీరల మూటలతోనో ప్రయాణికులతోనో నిండిన ఆటో, మగ్గాల షెడ్డుకు వెళ్ళే కార్మికుడి బండి, బట్టల మార్కెట్‌కు వెళ్ళే వ్యాపారి కారు. ఈ నాలుగింటిలోనూ కరెంటుతో నడిచే వాటికి గత కొన్నేళ్ళలో ప్రభుత్వ సొమ్ము అందింది. బస్సుకు సాయం చేస్తే ఎవరూ తప్పుపట్టరు. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రశ్న వస్తుంది. కారు కొనగలిగిన వాడికి, కొనలేని వాడు కట్టిన పన్నులోంచి సాయం చేయడం న్యాయమా? అవునని గాని కాదని గాని ఒక్క మాటలో తేల్చే ముందు లెక్కలు చూద్దాం. బ్యాంకు కుటుంబాల వాళ్ళం, లెక్కలు మనకు కొత్త కాదు.

పన్ను కట్టేవారంటే ఎవరు?

"మాకెక్కడి పన్నులు సార్, ఇన్‌కం ట్యాక్స్ కట్టేంత జీతమెక్కడిది?" మగ్గాల మీద పనిచేసే మనవాళ్ళ నోట తరచుగా వినిపించే మాట ఇది. ఇందులో వినయం ఉంది గాని నిజం లేదు. ఫోన్ రీచార్జి చేయించుకున్న ప్రతిసారీ ఆ కార్మికుడు 18 శాతం జీఎస్టీ కడుతున్నాడు. బండిలో లీటరు పెట్రోలు పోయిస్తే కేంద్రానికి ఎక్సైజ్ సుంకం, రాష్ట్రానికి వ్యాట్ చెల్లిస్తున్నాడు. ఆ ఎక్సైజ్ సుంకంలో రోడ్లు, మౌలిక వసతుల కోసమని వేసిన సెస్ కూడా ఒక భాగం. సబ్బు మీదా, చెప్పుల మీదా, పిల్లల బిస్కెట్ల మీదా పన్ను ఉంది. ఆదాయపు పన్ను రిటర్ను వేసేవాళ్ళే పన్ను చెల్లింపుదారులు అనుకోవడం వల్లే ఈ చర్చ తరచుగా దారి తప్పుతుంది. పన్ను చెల్లింపుదారుకు న్యాయమా అని అడిగినప్పుడు, మగ్గం కార్మికుడికీ న్యాయమా అని కూడా అడుగుతున్నట్టే.

870 కోట్ల లెక్క

గుజరాత్ ప్రభుత్వం 2021 జూన్‌లో, విజయ్ రూపాణీ ముఖ్యమంత్రిగా ఉండగా, ఎలక్ట్రిక్ వాహన విధానాన్ని ప్రకటించింది. 2021 జూలై 1 నుంచి నాలుగేళ్ళు దాని గడువు. బ్యాటరీ సామర్థ్యంలో ప్రతి కిలోవాట్-అవర్‌కు 10,000 రూపాయల చొప్పున సబ్సిడీ. గరిష్ఠంగా ద్విచక్ర వాహనానికి 20,000, ఆటోకు 50,000, కారుకు 1,50,000 రూపాయలు. ధర మీద కూడా హద్దు పెట్టారు. ఎక్స్-ఫ్యాక్టరీ ధర ద్విచక్ర వాహనానికి లక్షన్నర, ఆటోకు 5 లక్షలు, కారుకు 15 లక్షలు దాటకూడదు.

నాలుగేళ్ళలో 2 లక్షల వాహనాలు లక్ష్యం. వాటిలో 1,10,000 ద్విచక్ర వాహనాలు, 70,000 ఆటోలు, 20,000 కార్లు. సబ్సిడీ వ్యయం అంచనా 870 కోట్లు. ఈ అంకె ఎలా వచ్చిందో మనమే గుణించి చూసుకోవచ్చు. ద్విచక్ర వాహనాలకు 220 కోట్లు, ఆటోలకు 350 కోట్లు, కార్లకు 300 కోట్లు. కూడితే సరిగ్గా 870.

ఇప్పుడు ఇదే లెక్కను వేరే వైపు నుంచి చూద్దాం. వాహనాల సంఖ్యలో కార్లు పదో వంతు. సొమ్ములో మాత్రం మూడో వంతుకు పైనే. ఒక కారుకు ఇచ్చేది మూడు ఆటోలకు, లేదా ఏడున్నర స్కూటర్లకు ఇచ్చేదానితో సమానం. 2011 జనాభా లెక్కల ప్రకారం గుజరాత్‌లో 6.04 కోట్ల మంది. 870 కోట్లను వాళ్ళందరికీ పంచితే తలకు 144 రూపాయలు పడుతుంది. అంటే ఒక్క కారు సబ్సిడీ వెయ్యి మందికి పైగా ప్రజల వాటా.

తలకు 144 రూపాయలు, అదీ నాలుగేళ్ళకు, పెద్ద భారం కాదని ఎవరైనా అనవచ్చు. నిజమే. అయితే మొత్తం చిన్నదైనంత మాత్రాన పంపకం సరైనదని కాదు. ఆ మొత్తానికి బదులుగా ప్రజలకు ఏం దక్కిందన్నదే అసలు చూడాల్సింది.

సబ్సిడీ వెనుక ఉన్న వాదన

ప్రభుత్వం వైపు వాదన బలహీనమైనదేమీ కాదు. పొగ గొట్టం లేని వాహనం కొన్నవాడి డబ్బు అతనిదే అయినా, దాని ప్రయోజనం అతనొక్కడిదే కాదు. వెనకాల సైకిల్ మీద వచ్చేవాడు, కూడలిలో కూరగాయలు అమ్ముకునే ఆవిడ, రోడ్డు దాటే బడిపిల్లలు అందరూ ఆ మేరకు మంచి గాలి పీలుస్తారు. వాళ్ళెవరూ వాహనం కొన్నవాడికి విడిగా డబ్బివ్వరు కాబట్టి, అందరి తరఫునా ప్రభుత్వం కొంత ఇస్తుంది. మన దేశం వాడే ముడిచమురులో 80 శాతానికి పైగా దిగుమతే. ఆ బిల్లు తగ్గినా అందరికీ లాభమే.

ఇంకో కారణం కూడా ఉంది. కొత్త వస్తువు మొదట్లో ఖరీదుగా ఉంటుంది. కొనేవాళ్ళు పెరిగితే తయారీ పెరుగుతుంది, ధర దిగుతుంది, ఛార్జింగ్ స్టేషన్లు వస్తాయి. మొదట కొన్నవాళ్ళు తర్వాతివాళ్ళకు దారి వేస్తారు. నార్వేలో ఎలక్ట్రిక్ కార్లకు ఏళ్ళ తరబడి 25 శాతం వ్యాట్ మినహాయించారు. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో పదింట తొమ్మిది వంతులు దాదాపు ఎలక్ట్రిక్ కార్లే. సబ్సిడీ పనిచేయదని అనడానికి వీల్లేదు.

కాని మన దేశంలో కరెంటులో అధిక భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. నగరంలో పొగ తగ్గినా, థర్మల్ కేంద్రం దగ్గర కొంత మిగిలే ఉంటుంది. కాబట్టి ప్రజా ప్రయోజనం ఉన్నది నిజమే గాని, దానికి ఎంత వెల అయినా చెల్లించవచ్చని మాత్రం కాదు.

ఒక సబ్సిడీని పరీక్షించే మూడు ప్రశ్నలు

మొదటిది: సబ్సిడీ లేకపోయినా కొనేవాళ్ళెందరు? అమెరికాలో 2009 జూలై, ఆగస్టు నెలల్లో పాత కారు ఇచ్చి కొత్తది కొంటే 3,500 నుంచి 4,500 డాలర్ల దాకా ఇచ్చే పథకం నడిచింది. కొద్ది వారాల్లోనే దాదాపు 300 కోట్ల డాలర్లు అయిపోయాయి, 6 లక్షలకు పైగా కార్లు అమ్ముడయ్యాయి. గొప్ప విజయంలా కనిపించింది. అతీఫ్ మియాన్, అమీర్ సూఫీ అనే ఆర్థికవేత్తలు పరిశీలిస్తే, కొద్ది నెలల్లోనే అమ్మకాలు ఆ మేరకు పడిపోయినట్టు తేలింది. ఎలాగూ కొనబోయేవాళ్ళు కాస్త ముందుగా కొన్నారు, అంతే. పండగకు కొనాల్సిన బట్టలు ఆషాఢం తగ్గింపులో కొన్నట్టు.

రెండోది: చివరికి అది ఎవరికి చేరుతోంది? అమెరికాలోనే ఎలక్ట్రిక్ కార్ల పన్ను రాయితీని సెవరిన్ బోరెన్‌స్టైన్, లూకస్ డేవిస్ 2016లో ప్రచురించిన అధ్యయనంలో లెక్కగట్టారు. ఆదాయంలో పై ఐదో వంతు కుటుంబాలకే దాదాపు 90 శాతం రాయితీ వెళ్ళింది. కొనేవారికే కాదు, సబ్సిడీ తయారీదారు వైపు కూడా జారుతుంది. కేంద్రం ఫేమ్-2 పథకంలో స్థానిక విడిభాగాల నిబంధన పాటించకుండా సబ్సిడీ తీసుకున్నారని, 7 ద్విచక్ర వాహన సంస్థల నుంచి 469 కోట్లు వెనక్కి రాబట్టడానికి భారీ పరిశ్రమల శాఖ 2023లో చర్యలు చేపట్టింది.

మూడోది: అదే డబ్బుతో ఇంతకంటే ఎక్కువ మేలు చేయవచ్చా? దీనికి పర్వత్ పాటియా రోడ్డు మీదే జవాబు దొరుకుతుంది. ఉదాహరణకు ఒక ఆటో రోజుకు 100 కిలోమీటర్లు, ఇంటి కారు 25 కిలోమీటర్లు, స్కూటరు కూడా 25 కిలోమీటర్లు తిరుగుతాయని, ఏడాదికి 300 రోజుల చొప్పున ఐదేళ్ళు నడుస్తాయని అనుకుందాం. అప్పుడు కిలోమీటరుకు పడే సబ్సిడీ ఆటోకు 33 పైసలు, స్కూటరుకు 53 పైసలు, కారుకు 4 రూపాయలు. ఆటో కంటే కారుకు పన్నెండు రెట్లు. పెట్రోలు కారు కిలోమీటరుకు ఆటో కంటే ఎక్కువ ఇంధనం తాగుతుంది కాబట్టి దాన్ని మార్చితే వచ్చే లాభమూ ఎక్కువేనని ఒప్పుకుందాం. అయినా అది పన్నెండు రెట్లు ఉండదు.

బస్సు సంగతి ఇంకా స్పష్టం. ఫేమ్-2 కింద సూరత్‌కు 150 ఎలక్ట్రిక్ బస్సులు మంజూరయ్యాయి. ఆ పథకంలో 9 మీటర్ల మిడీ బస్సుకు గరిష్ఠంగా 45 లక్షల సాయం ఉంది. అంటే 30 కార్ల సబ్సిడీ. 30 కార్లు 30 ఇళ్ళ ముందు నిలబడతాయి. ఒక బస్సు తెల్లవారి మొదలుపెట్టి రాత్రి దాకా వందలమందిని దించుతూ ఎక్కించుకుంటూ తిరుగుతుంది. అందులో ఎక్కేది ఎక్కువగా ఆ పన్ను కట్టినవాళ్ళే.

కేంద్రం ఈ తేడా గుర్తించినట్టే ఉంది. 2019 ఏప్రిల్ 1న మొదలైన ఫేమ్-2 టాక్సీల వంటి వాణిజ్య కార్లకు తప్ప సొంత కార్లకు సబ్సిడీ ఇవ్వలేదు. 2024 అక్టోబరు 1 నుంచి అమలైన 10,900 కోట్ల పీఎం ఈ-డ్రైవ్ పథకంలో కూడా కార్లకు చోటు లేదు. ద్విచక్ర వాహనాలు, ఆటోలు, అంబులెన్సులు, ట్రక్కులు, బస్సులు, ఛార్జింగ్ స్టేషన్లకే ఆ డబ్బు. ఒక్క బస్సులకే 4,391 కోట్లు కేటాయించారు.

చెక్కు రాయని సబ్సిడీ

ఇంతవరకూ చెప్పింది అందరికీ కనిపించే సబ్సిడీ. కనిపించనిది దానికంటే పెద్దది.

ఎలక్ట్రిక్ వాహనాల మీద జీఎస్టీని 2019 ఆగస్టు 1 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద 18 శాతం, పెద్ద కార్ల మీద 40 శాతం జీఎస్టీ వచ్చింది. ఎలక్ట్రిక్ కార్లకు మాత్రం 5 శాతమే కొనసాగింది. పన్నుకు ముందు 12 లక్షల ధర ఉన్న చిన్న కారు తీసుకోండి. పెట్రోలుదైతే జీఎస్టీ 2,16,000. ఎలక్ట్రిక్‌దైతే 60,000. తేడా 1,56,000. గుజరాత్ ఇచ్చిన లక్షన్నర కంటే ఇదే ఎక్కువ.

ఇప్పుడు 50 లక్షల పెద్ద కారు. పెట్రోలుదైతే 20 లక్షల జీఎస్టీ. ఎలక్ట్రిక్‌దైతే రెండున్నర లక్షలు. తేడా పదిహేడున్నర లక్షలు. రాష్ట్ర సబ్సిడీకి 15 లక్షల ధర హద్దు ఉండేది, 20,000 కార్ల పరిమితి ఉండేది, నాలుగేళ్ళ గడువుండేది. ఈ రాయితీకి ధర హద్దు లేదు. కారు ఖరీదైన కొద్దీ రాయితీ పెరుగుతుంది.

రాష్ట్రాల రోడ్డు పన్నుదీ అదే దారి. గుజరాత్ 2025-26 బడ్జెట్‌లో ఎలక్ట్రిక్ వాహనాల పన్నుపై 5 శాతం రిబేటు ప్రకటించింది. దాంతో అప్పుడు కట్టాల్సింది 1 శాతానికి తగ్గింది. తెలంగాణ 2020 విధానంలో రోడ్డు పన్ను మినహాయింపును మొదటి 2 లక్షల ద్విచక్ర వాహనాలకు, మొదటి 5,000 సొంత కార్లకు పరిమితం చేసింది. 2024 నవంబరులో ఆ సంఖ్యా పరిమితి తీసేసి, 2026 డిసెంబరు 31 దాకా అన్ని ఎలక్ట్రిక్ వాహనాలకూ పూర్తి మినహాయింపు ఇచ్చింది. అక్కడ పెట్రోలు కారు ధర పెరిగే కొద్దీ రోడ్డు పన్ను శాతం కూడా పెరుగుతుంది. కాబట్టి ఖరీదైన ఎలక్ట్రిక్ కారు కొన్నవారికే ఎక్కువ మిగులుతుంది.

మూడోది మన రంగానికి దగ్గరిది. 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 లోపు మంజూరైన ఎలక్ట్రిక్ వాహన రుణాలపై వడ్డీకి 80 ఈఈబీ సెక్షన్ కింద ఏడాదికి లక్షన్నర వరకు మినహాయింపు ఉంది. పాత పన్ను విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్నవారు పూర్తిగా వాడుకుంటే సెస్‌తో కలిపి 46,800 రూపాయలు మిగులుతుంది. ఆదాయం 5 లక్షలు దాటని ఆటో డ్రైవరుకు పన్నే ఉండదు కాబట్టి మిగిలేది సున్నా. పైగా ఏడాదికి లక్షన్నర వడ్డీ కట్టాలంటే 9 శాతం చొప్పున దాదాపు 17 లక్షల అప్పు ఉండాలి. పన్ను మినహాయింపు రూపంలో ఇచ్చే సాయం ఎప్పుడూ పెద్ద శ్లాబు వైపే వాలుతుంది.

"ఇది ఇవ్వడం కాదు కదా, తక్కువ తీసుకోవడమే కదా" అనవచ్చు. ఖజానాకు రెండూ ఒకటే. ఒకచోట తగ్గిన రూపాయి ఇంకోచోట వసూలు చేయాలి, లేదా ఒక ఖర్చు తగ్గించుకోవాలి. మనకు ఈ విషయం స్వానుభవమే. బ్యాంకు ఇచ్చే తక్కువ వడ్డీ స్టాఫ్ రుణాన్ని సౌకర్యంగా లెక్కగట్టి, జీతానికి కలిపి పన్ను వేస్తారు. అది సరైనదేనని 2024 మేలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. మన వడ్డీ రాయితీ రూపాయలతో సహా ఫారం-16కు ఎక్కుతుంది. 50 లక్షల కారు మీద వదిలేసిన పదిహేడున్నర లక్షలు కొన్నవాడి పేరున ఏ కాగితం మీదా కనిపించదు. చర్చంతా లక్షన్నర చుట్టూ తిరగడానికి ఇదే కారణం. కనిపించేదాని గురించే జనం అడుగుతారు.

డబ్బు చేరే దారి కూడా ముఖ్యమే

సబ్సిడీ ఎంతన్నదే కాదు, ఎప్పుడు చేతికి వస్తుందన్నదీ న్యాయంలో భాగమే. కేంద్ర పథకంలో డీలరు బిల్లులోనే సబ్సిడీ తగ్గించి ఇస్తాడు. తర్వాత తయారీదారు ప్రభుత్వం నుంచి రాబట్టుకుంటాడు. గుజరాత్ పథకంలో కొనుగోలుదారు ముందు పూర్తి ధర కట్టాల్సి వచ్చేది, దరఖాస్తు చేసుకోవాల్సి వచ్చేది, తర్వాత సొమ్ము అతని ఖాతాలో పడేది.

కారు కొనే వ్యాపారికి ఈ ఆలస్యం పెద్ద లెక్క కాదు. ఆటో డ్రైవరుకు అలా కాదు. ఆ 50,000 కూడా అప్పుగా తేవాల్సిందే. 12 శాతం వడ్డీకి ఆరు నెలలు ఆగితే 3,000 రూపాయలు వడ్డీకే పోతుంది. ఆధార్ ఖాతాకు లింకు కాకపోయినా, పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా ఇంకా ఆలస్యం. తెలుగు ఇంటిపేర్లు గుజరాతీ కాగితాల మీద ఎన్ని రూపాలు ఎత్తుతాయో పర్వత్ పాటియా కుటుంబాలకు బాగా తెలుసు. కాగితం మీద ఆటోకు 50,000, కారుకు 1,50,000 అని రాసి ఉన్నా, ఆటోవాడికి నికరంగా మిగిలేది అంతకంటే తక్కువే.

న్యాయంగా ఉండాలంటే

ఎలక్ట్రిక్ వాహనాలకు ప్రజాధనం ఇవ్వడం తప్పు కాదు. అయితే వాహనం ధరను బట్టి కాకుండా, అది ప్రజలకు చేసే మేలును బట్టి ఇస్తేనే పన్ను కట్టినవాడికి న్యాయం. ఆ లెక్కన వరుస ఇలా ఉండాలి: ముందు బస్సు, తర్వాత ఆటో, సరుకుల బండి, ఆ తర్వాత స్కూటరు, చివరగా సొంత కారు. కారుకు అసలే ఇవ్వకూడదని కాదు. సాంకేతికత కొత్తగా ఉన్న రోజుల్లో కొద్ది కాలం, కొద్ది సంఖ్యకు, ధర హద్దుతో ఇస్తే దాన్ని సమర్థించవచ్చు. ఆ కోణంలో గుజరాత్ 2021 విధానంలో కార్ల వాటా ఎక్కువైనా, హద్దులున్నాయి, గడువుంది, అంకెలు బయట ఉన్నాయి. హద్దూ పద్దూ లేని 5 శాతం జీఎస్టీయే దానికంటే ఎక్కువ ప్రశ్నించాల్సినది.

దీన్ని సరిదిద్దడం కష్టమేమీ కాదు. నార్వే 2023 జనవరి 1 నుంచి కారు ధరలో 5 లక్షల క్రోనర్ల దాకానే వ్యాట్ మినహాయింపు ఉంచి, పై మొత్తానికి పూర్తి పన్ను వేసింది. మధ్యతరగతి కారుకు రాయితీ మిగిలింది, విలాసానికి మిగల్లేదు. ఇక్కడా అలాంటి ధర హద్దు పెట్టవచ్చు. వదులుకున్న పన్ను ఎంతో ఏటా విడిగా ప్రకటించవచ్చు. ఆటోలకిచ్చే రాష్ట్ర సాయాన్ని బిల్లులోనే తగ్గించవచ్చు.

ఈ మాటలు మనకు పూర్తిగా సౌకర్యంగా ఉండవు. ఎలక్ట్రిక్ కారు కొనే అవకాశమున్న జీతాల వర్గంలో మన కుటుంబాలూ ఉన్నాయి. చట్టం ఇచ్చిన రాయితీని తీసుకోవడంలో తప్పేమీ లేదు. కాని కారు కొనాలా వద్దా అన్నది సబ్సిడీని చూసి కాక, రోజూ తిరిగే దూరం, ఇంట్లో ఛార్జింగ్ వసతి, నెలవారీ వాయిదా చూసి తేల్చుకోవడం మంచిది. పథకాలకు గడువులుంటాయి, రుణం వాయిదాలు వాటికంటే ఎక్కువ కాలం నడుస్తాయి. మన శాఖలకు ఆటో రుణం కోసం వచ్చేవారికి సబ్సిడీ దరఖాస్తు, ఆధార్ లింకు, పేరు సవరణ గురించి మంజూరు రోజునే చెప్పి పంపితే, అప్పటికి అమల్లో ఉన్న పథకంలో వాళ్ళ వాటా వాళ్ళకు పూర్తిగా అందుతుంది. విధానాలు మార్చడం మన చేతుల్లో లేకపోయినా, ఇది మాత్రం మన కౌంటరు దగ్గరే చేయగలిగిన పని.